గోడలు ఎవరివి?

గోడమీది రాతల గురించి రాయాలనుకున్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది న్యూయార్క్ రైళ్ళూ కాదు, పారిస్ వీధులూ కాదు. నేను డిగ్రీ చదివిన కాలేజీ వెనక గోడ. 1990ల చివరి రోజులు. ఒక సోమవారం ఉదయం ఆ గోడ మీద బొగ్గుతో మా క్లాసు అమ్మాయి పేరు, పక్కన ఒక అబ్బాయి పేరు, కింద ఒక బూతుమాట కనిపించాయి. మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. ప్రిన్సిపాల్ గారు అటెండరుని పిలిచి సున్నం కొట్టించారు. దాంతో సమస్య తీరిపోయిందనుకున్నారు. రాసిందెవరని ఎవరూ అడగలేదు. వారం తిరక్కుండా ఆ అమ్మాయిని చదువు మాన్పించారు. ఆరు నెలల్లో పెళ్ళి చేసేశారు. ఆ అబ్బాయి మాత్రం రోజూ కాలేజీకి వస్తూనే ఉన్నాడు, డిగ్రీ పూర్తి చేసుకున్నాడు. సున్నం కింద ఆ అక్షరాలు చాలాకాలం లీలగా కనిపిస్తూనే ఉండేవి.

గోడ అందరిదీ అంటారు. కాదు. మగవాడి పేరు గోడకెక్కితే వాడు నాయకుడవుతాడు, అభిమాన నటుడవుతాడు, కనీసం ఓట్లడిగే అభ్యర్థి అవుతాడు. ఆడపిల్ల పేరు గోడకెక్కితే పరువు బజారున పడ్డట్టు. మన ఊళ్ళలో గోడల మీద కనిపించే స్త్రీలు ఇద్దరే. ఒకరు సినిమా పోస్టరులో సగం బట్టలతో ఉండే స్త్రీ, రెండోవారు ప్రభుత్వ ప్రకటనలో కొంగు కప్పుకుని బిడ్డనెత్తుకుని నవ్వుతున్న స్త్రీ. ఈ రెండు బొమ్మల్నీ గీసింది మనం కాదు. అందుకే, ప్రపంచంలో వేర్వేరు చోట్ల స్త్రీలు బ్రష్షూ రంగుడబ్బా పట్టుకుని గోడ మీదికి ఎలా వచ్చారు, వచ్చినప్పుడు వాళ్ళకేమయింది అన్నది కళాభిమానుల చర్చగా వదిలేయడానికి వీల్లేదు. అది మన హక్కులకు సంబంధించిన విషయం.

గ్రాఫిటీ చరిత్రను పుస్తకాలు సాధారణంగా న్యూయార్క్‌తో మొదలుపెడతాయి. 183వ వీధి కుర్రవాడొకడు ఉత్తరాలూ పార్సిళ్ళూ అందించే పనిలో నగరమంతా తిరుగుతూ, తిరిగిన చోటల్లా ‘టాకి 183’ అని రాసుకుంటూ పోయాడు. 1971లో న్యూయార్క్ టైమ్స్ అతని మీద కథనం వేసింది. ఆ తర్వాత పేదపేటల పిల్లలు ఎంతోమంది, నల్లజాతివాళ్ళూ పోర్టోరికో కుటుంబాల వాళ్ళూ, సబ్‌వే రైళ్ళ నిండా తమ పేర్లు రాశారు. తమని లెక్కలోకి తీసుకోని నగరానికి ‘మేమూ ఉన్నాం’ అని చెప్పారు. ఈ కథలో వర్గం ఉంది, జాతి ఉంది. మరి ఆడపిల్ల ఏదీ? అర్ధరాత్రి ఇల్లు దాటి, ముళ్ళకంచె దూకి, చీకటి యార్డులో రైలుపెట్టె మీద బొమ్మ వేయడం ఎంతమంది ఆడపిల్లలకు సాధ్యం? అలా చేసిన అతి కొద్దిమందిలో ఈక్వడార్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన లేడీ పింక్ ఒకరు. 1979 నుంచి 1985 దాకా ఆమె రైళ్ళ మీద బొమ్మలు వేసింది. మొదలుపెట్టింది మాత్రం తన స్నేహితుణ్ణి పోర్టోరికోకి పంపించేస్తే, ఆ దిగులుతో అతని పేరు రాయడంతో. తన పేరు తాను రాసుకునే చోటికి కూడా ఒక మగవాడి పేరు దారినే రావాల్సి వచ్చింది. కళలో ప్రవేశానికి రాత్రిపూట రోడ్డు మీద ఉండగలగడం అర్హత అయినప్పుడు, ఆ కళ చరిత్ర మగవాళ్ళ చరిత్రగా మిగలడంలో వింతేముంది?

ఇప్పుడు ఆ కళకు మార్కెట్ కూడా దొరికింది. బ్యాంక్సీ అనే పేరుతో గోడల మీద బొమ్మలు వేసే బ్రిటిష్ కళాకారుడి చిత్రమొకటి 2018లో వేలంపాటలో అమ్ముడైన క్షణంలోనే, చట్రంలో దాచిన యంత్రంతో సగం చీలికలైపోయింది. మార్కెట్‌ని వెక్కిరించడానికి చేసిన పని అది. 2021లో అదే చీలికల బొమ్మ ఒక కోటీ 80 లక్షల పౌండ్లకు పైగా పలికింది. వెక్కిరింతని కూడా కొనుక్కోగల శక్తి మార్కెట్‌కి ఉంది. దీని గురించి ఇంతకన్నా చెప్పుకోనక్కర్లేదు. మనకు కావలసిన చరిత్ర వేలంశాలల బయట ఉంది.

1979లో లండన్ వీధుల్లో ఒక కారు ప్రకటన పెద్ద బోర్డుల మీద వెలిసింది. ఈ కారే గనక ఆడదయితే ఎవరో ఒకరు దాని పిరుదులు గిల్లేవారు అని దాని సారాంశం. ఒక రాత్రి ఎవరో స్త్రీలు దాని కిందే రంగుతో జవాబు రాశారు, ఈ ఆడమనిషే గనక కారయితే మిమ్మల్ని గుద్దేసి పోయేది అని. జిల్ పోస్నర్ అనే ఫోటోగ్రాఫర్ దాన్ని ఫోటో తీసింది. అది పోస్టుకార్డయి చాలా దేశాలు తిరిగింది. ఇక్కడ గమనించాల్సిందేమంటే, ఆ స్త్రీలు శుభ్రంగా ఉన్న గోడని పాడు చేయలేదు. అప్పటికే తమను పాడు చేస్తున్న గోడకు బదులు చెప్పారు. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. మన మహిళా సంఘాల పెద్దక్కలు అశ్లీల సినిమా పోస్టర్ల మీద తారు పూసిన రోజులు మన ఉద్యమ జ్ఞాపకంలో భాగం. తేడా ఒక్కటే. మనం తారు పూసి ఆ బొమ్మ కనపడకుండా చేశాం. వాళ్ళు బొమ్మని అలాగే ఉంచి దానితో మాట్లాడారు. రెండూ అవసరమే. కానీ తారు దగ్గర ఆగిపోతే అశ్లీలత గురించి మన అభిప్రాయానికీ, నీతి పేరుతో అదే పోస్టరు చింపే ఛాందసుల అభిప్రాయానికీ తేడా చూసేవాళ్ళకి తెలియదు. అక్షరం రాస్తేనే తెలుస్తుంది.

అక్షరం దగ్గర ఆగాల్సిన ఊరు బొలీవియాలోని లా పాజ్. 1992లో అక్కడ ‘ముహేరెస్ క్రియాందో’ అనే స్త్రీల బృందం ఏర్పడింది. సృష్టిస్తున్న స్త్రీలు అని అర్థం. మారియా గలిందో, హులియేతా పరేదెస్ మొదట్లో దాన్ని నడిపినవాళ్ళలో ముఖ్యులు. వాళ్ళ గోడరాతల్లో బొమ్మలుండవు, రంగుల హంగుండదు. బడిపిల్ల కాపీపుస్తకంలో రాసినట్టు కలిపిరాత అక్షరాలు, కింద బృందం సంతకం, అంతే. చూడగానే ఎవరి రాతో తెలిసిపోతుంది. ఆ వాక్యాలు చర్చినీ, సైన్యాన్నీ, ఇంట్లో మొగుణ్ణీ మాత్రమే కాదు, విప్లవం గురించి మాట్లాడే మగ కామ్రేడ్లనీ, విదేశీ నిధులతో జెండర్ ప్రాజెక్టులు నడిపే స్త్రీవాదుల్నీ కూడా వదలవు. మనబోటివాళ్ళకి ఇబ్బంది కలిగించే సంగతి ఇది. ఇబ్బంది కలగడం మంచిదే. దీనికి మళ్ళీ వస్తాను.

గోడకీ స్త్రీ ప్రాణానికీ మధ్య ఏది విలువైనదన్న ప్రశ్న అత్యంత సూటిగా ముందుకొచ్చింది మెక్సికోలో. ఆ దేశంలో రోజుకు సుమారు పదిమంది స్త్రీలు హత్యకు గురవుతారని అధికారిక లెక్కలే చెబుతూ వచ్చాయి. 2019 ఆగస్టులో రాజధానిలో ఒక పదిహేడేళ్ళ అమ్మాయి పోలీసులే తన మీద అత్యాచారం చేశారని ఫిర్యాదు చేసింది. ఆ నెలలోనే స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. ఒక అధికారి మీద గులాబీరంగు తళుకుపొడి చల్లారు. దాన్ని నగర మేయర్ క్లాడియా షైన్‌బామ్ రెచ్చగొట్టే చర్యగా వర్ణించింది. ఆమె కూడా స్త్రీయే. 2024లో ఆమె ఆ దేశానికి తొలి మహిళా అధ్యక్షురాలయింది. పదవిలో స్త్రీ ఉన్నంత మాత్రాన రాజ్యం మాట్లాడే భాష మారదని మనకు తెలియనిది కాదు.

ఆగస్టు 16న వేలాదిమంది స్త్రీలు మళ్ళీ కదిలారు. ఆ సాయంత్రం నగరం నడిబొడ్డున ఉన్న స్వాతంత్ర్య స్తంభం పీఠం నిండా రాతలు రాశారు. 1910లో కట్టిన ఆ స్తంభమంటే ఆ జాతికి ఎంతో గర్వం. మరుసటి రోజు పత్రికల్లో, టీవీల్లో ఒకటే గోల. జాతి చిహ్నాన్ని అపవిత్రం చేశారన్నారు. ప్రభుత్వం స్తంభం చుట్టూ తడికెలు కట్టించింది. ఆ స్తంభం పైన రెక్కలతో ఉన్న విజయదేవత స్త్రీమూర్తి. కింద నాలుగు మూలలా కూర్చున్న విగ్రహాలు చట్టం, న్యాయం, యుద్ధం, శాంతి. అవీ స్త్రీమూర్తులే. కంచు స్త్రీలకు రంగంటితే జాతి గుండె తరుక్కుపోయింది. రక్తమాంసాలున్న స్త్రీలు చచ్చిపోతుంటే ఆ గుండె ఎక్కడుందని ఆందోళనకారులు అడిగారు.

అప్పుడు జరిగిన సంగతి నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. స్మారక కట్టడాలను బాగుచేసే వృత్తిలో ఉన్న స్త్రీలు, చరిత్రకారిణులు, వాస్తుశిల్పులు, పురావస్తు నిపుణులు వందల సంఖ్యలో ఒక్కటై ‘తళుకుల పునరుద్ధారకులు’ అనే అర్థం వచ్చే పేరుతో బృందంగా ఏర్పడ్డారు. ఆ రాతల్ని తుడవాల్సిన నైపుణ్యం ఉన్నది వాళ్ళకే. వాళ్ళే తుడవొద్దన్నారు. ముందు ప్రతి అక్షరాన్నీ నమోదు చెయ్యండి, స్త్రీల మీద హింసకు ప్రభుత్వం జవాబు చెప్పేదాకా వాటిని అలాగే ఉంచండి, కట్టడాన్ని తిరిగి బాగుచేయొచ్చు గానీ పోయిన స్త్రీని తేలేము అన్నది వాళ్ళ వాదన. వారసత్వమంటే రాళ్ళు మాత్రమే కాదు, ఆ రాళ్ళ మీద ఒక తరం ఎందుకు రాయాల్సివచ్చిందో కూడా వారసత్వమే అన్నారు. వృత్తి నిపుణులు తమ వృత్తి లోపలి నుంచే రాజకీయ వైఖరి తీసుకోవడం ఎలా ఉంటుందో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. మన లాయర్లు, డాక్టర్లు, లెక్చరర్లు, నాలాంటి పరిశోధకులు వేసుకోవాల్సిన ప్రశ్న కూడా ఇదే. ఏం తుడవమంటే మనం తుడుస్తున్నాం?

అది అక్కడితో ఆగలేదు. 2020 మార్చి 8న నగర ప్రధాన కూడలి నేల మీద హత్యకు గురైన స్త్రీల పేర్లను తెల్లరంగుతో పరుచుకుంటూ పోయారు. 2021లో మహిళా దినోత్సవానికి ముందు ప్రభుత్వం అధ్యక్ష భవనం చుట్టూ ఇనుపగోడ కడితే, ఆ ఇనుపగోడనే స్మారక ఫలకంగా మార్చి దాని నిండా చనిపోయినవాళ్ళ పేర్లు రాసి పూలు పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో, అంతకుముందు కొలంబస్ విగ్రహమున్న ఖాళీ పీఠం మీద పిడికిలెత్తిన స్త్రీ ఆకృతిని నిలబెట్టి, ఆ చోటుకు పోరాడే స్త్రీల కూడలి అని పేరు పెట్టారు. ఆ పోరాటంలో ముందున్నది బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు. కళాకారిణులం కావాలని వాళ్ళేం రాలేదు. పోలీసుస్టేషన్ల చుట్టూ తిరిగి, కాగితాలు పెట్టి పెట్టి, వినే చెవి లేక గోడ దగ్గరికొచ్చారు. గోడకు చెప్పుకున్నట్టుందని మనం నిస్పృహతో అంటుంటాం. వాళ్ళు నిజంగానే గోడకు చెప్పుకున్నారు, అప్పుడే ఊరు విన్నది.

కైరోలో 2011 డిసెంబరు 17న సైనికులు ఒక స్త్రీని రోడ్డు మీద ఈడ్చారు. ఆమె వేసుకున్న నల్లటి అబాయా పైకి లేచిపోయి నీలంరంగు లోదుస్తు బయటపడింది, ఒక సైనికుడు ఆమెను బూటుకాలితో తన్నాడు. ఆ దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఎప్పటిలాగే కొందరు, ఆమె అక్కడికెందుకు వెళ్ళింది, ఏం వేసుకుంది అని అడిగారు. మూడు రోజుల తర్వాత వేలాది స్త్రీలు ఊరేగింపు తీశారు. బహియా షెహాబ్ అనే కళాచరిత్ర అధ్యాపకురాలు అప్పుడొక పని చేసింది. అంతకుముందు ఆమె ఇస్లామిక్ కళలో ‘లా’ అంటే ‘వద్దు’ అనే మాటను రాసిన వెయ్యి రూపాల్ని పాత కట్టడాల మీంచి, పాత్రల మీంచి, వస్త్రాల మీంచి సేకరించి ఉంచింది. ప్రదర్శన కోసం చేసిన పరిశోధన అది. ఇప్పుడు వాటిని అచ్చులుగా కత్తిరించి వీధిగోడల మీద చల్లడం మొదలుపెట్టింది. సైనిక పాలన వద్దు. ఒంటిమీద బట్టలూడదీయడం వద్దు. ఆ నీలంరంగు లోదుస్తు కూడా ఒక అచ్చయింది. దాచుకోవాల్సిన సిగ్గుగా చూపించినదాన్ని సైన్యం సిగ్గుపడాల్సిన గుర్తుగా తిప్పేయడం ఇది. 2012 సెప్టెంబరులో అధికారులు తహ్రీర్ దగ్గర మొహమ్మద్ మహమూద్ వీధి గోడలకు సున్నం కొట్టించారు. కళాకారులు మళ్ళీ వేశారు. కానీ తర్వాతి సంవత్సరాల్లో నిర్బంధం పెరిగి ఆ గోడలు క్రమంగా మూగబోయాయి. గోడ గెలిచినంత మాత్రాన ఉద్యమం గెలిచినట్టు కాదని కైరో మనకు చెబుతుంది.

కాబూల్‌లో 2010లో జరిగిన ఒక శిక్షణ శిబిరంలో షంసియా హసానీ గ్రాఫిటీ నేర్చుకుంది. కాబూల్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించేది. ఆమె గీసే స్త్రీలకు కళ్ళు మూసుకుని ఉంటాయి, నోరుండదు, చేతిలో మాత్రం ఏదో ఒక వాయిద్యం ఉంటుంది. వీధిలో నిలబడి బొమ్మ వేస్తుంటే వచ్చేపోయేవాళ్ళు తిట్టేవాళ్ళు, ఎప్పుడేం జరుగుతుందోనని భయం. అందుకని హడావిడిగా పూర్తి చేసుకుని వెళ్ళిపోవాల్సి వచ్చేది. వెళ్ళలేని చోట్ల కోసం ఆమె ఒక దారి కనిపెట్టింది. ఆ వీధుల ఫోటోల మీద తన బొమ్మలు వేసుకుంది. వాటికి కలల గ్రాఫిటీ అని పేరు. గోడ దాకా నడిచి వెళ్ళే స్వేచ్ఛ లేని స్త్రీ ఆ గోడ ఫోటో తెచ్చుకుని ఇంట్లో కూర్చుని బొమ్మ వేసుకుంటోంది. స్త్రీల కదలికల గురించి నేను చదివిన సిద్ధాంత గ్రంథాలేవీ ఇంత స్పష్టంగా చెప్పలేదు. 2021 ఆగస్టులో తాలిబాన్లు తిరిగొచ్చారు. ఆ రోజుల్లోనే బ్యూటీ పార్లర్ల గోడల మీది ఆడవాళ్ళ ముఖాలకు రంగు పూసేశారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయం తలుపులు స్త్రీలకు మూసేశారు. 2023లో ఆ పార్లర్లే మూయించారు. ముందు గోడ మీది ముఖం, తర్వాత బడి, ఆ తర్వాత బతుకుతెరువు. గోడ మీది బొమ్మే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఈ వరస గమనించాలి.

పారిస్ స్త్రీలు బ్రష్షు కూడా పట్టలేదు. 2019 ఆగస్టు చివర్లో మార్గరీట్ స్టెర్న్ అనే కార్యకర్త పిలుపుతో కొందరు స్త్రీలు తెల్లకాగితాల మీద, కాగితానికి ఒక అక్షరం చొప్పున నల్లరంగుతో రాసి, రాత్రిపూట జిగురుతో గోడలకు అంటించారు. భర్తల చేతుల్లో, మాజీ భర్తల చేతుల్లో చనిపోయిన స్త్రీల పేర్లు, వాళ్ళెలా చనిపోయారో చెప్పే ఒక్కొక్క వాక్యం. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో 146 మంది స్త్రీలను జీవిత భాగస్వాములు, మాజీ భాగస్వాములు చంపారని తర్వాత ప్రభుత్వమే లెక్క తేల్చింది. ఆ పద్ధతి దేశమంతా పాకింది. కారణం దాని పేదరికమే. కాగితం, రంగు, జిగురు, నలుగురు స్త్రీలు ఉంటే చాలు. బొమ్మ గీయడం రానక్కర్లేదు. అయితే 2020లో ట్రాన్స్ స్త్రీల విషయంలో లోపల పెద్ద వివాదం వచ్చింది. స్టెర్న్ బయటికెళ్ళిపోయింది, బృందాలు ట్రాన్స్ స్త్రీల వైపు నిలబడ్డాయి. గోడ మీద ‘మనం’ అని రాసేముందు ఆ ‘మనం’లో ఎవరున్నారో తేల్చుకోక తప్పదు. మన దేశంలో 2016లో బెంగళూరులో మొదలైన అరవాణి ఆర్ట్ ప్రాజెక్టులో ట్రాన్స్ స్త్రీలే ఊరిగోడల మీద పెద్దపెద్ద చిత్రాలు వేస్తున్నారు. తమని వెళ్ళగొట్టిన వీధిలోనే నిచ్చెన వేసుకుని నిలబడటం చిన్న విషయం కాదు.

ఇక మన సంగతి. తెలుగునేల మీద గోడరాతకు బలమైన సంప్రదాయం ఉంది. విప్లవ సంఘాల ఎర్రరాతలు, విద్యార్థి సంఘాల నినాదాలు, అక్షర ఉద్యమ కాలపు గోడలు మనందరం చూశాం. అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు ఏం చేయగలరో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేకోద్యమం చూపించింది. చదువు పుస్తకంలో తమ ఊరి కథ చదువుకుని మరిన్ని ఊళ్ళ స్త్రీలు కదిలారు. 1993 అక్టోబరు నుంచి ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు. అయినా గోడల మీద నినాదాలు రాసినవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళే. జెండా మోసేటప్పుడు స్త్రీలు కావాలి గానీ, ఏ మాట రాయాలో నిర్ణయించేటప్పుడు అక్కరలేదు.

1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టం చేసింది. బహిరంగ స్థలాలు వికృతం కాకుండా చూడటం, అశ్లీల, అభ్యంతరకర పోస్టర్లనూ ప్రకటనలనూ నిషేధించడం, రెండూ కలిపి ఒకే చట్టం పేరులో ఉన్నాయి. రెండోది మనం అడిగిందే. మొదటిది మనం అడగలేదు. స్త్రీల గౌరవం పేరుతో వచ్చిన మూటలో పేదల, విద్యార్థుల, ఉద్యమాల గోడను కట్టడి చేసే అధికారం కూడా వచ్చింది. రాజ్యాన్ని నిషేధం అడిగేటప్పుడు ఆ నిషేధం రేపు ఎవరి మీదికి తిరుగుతుందో ఆలోచించాలన్న పాఠం మనం పూర్తిగా నేర్చుకున్నామా అని నాకు అనుమానమే.

2019 డిసెంబరు 29న చెన్నై బీసెంట్ నగర్‌లో పౌరసత్వ సవరణ చట్టాన్ని వ్యతిరేకిస్తూ వీధిలో ముగ్గులు వేసిన కొందరు స్త్రీలను పోలీసులు పట్టుకెళ్ళారు. అసలే మార్గళి మాసం, ఇంటింటి ముందూ ముగ్గులుండే రోజులు. ముగ్గును మన సంస్కృతి అని పొగిడే రాజ్యం, ఆ ముగ్గులో ఒక మాట చేరేసరికి భయపడింది. మర్నాటి నుంచి ఎన్నో ఇళ్ళ ముందు అదే మాటతో ముగ్గులు వెలిశాయి. తరతరాలుగా మన ఆడవాళ్ళు రోజూ వీధిలో గీస్తూనే ఉన్నారు, రోజూ చెరిగిపోతూనే ఉంది. అర్థం లేని అందంగా ఉన్నంతకాలం ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే ముగ్గునేదో గొప్ప స్త్రీ కళగా నెత్తినెత్తుకునే ముందు, పెద్దిళ్ళ వాకిళ్ళు ఊడ్చి ముగ్గు పెట్టేది ఏ కులపు పనిమనిషో, ఆ వీధిలో తన సొంత ముగ్గు పెట్టుకునే వాకిలి ఆమెకుందో లేదో కూడా అడగాలి.

ఇప్పుడు హైదరాబాదులోనూ మిగతా నగరాల్లోనూ ఫ్లైఓవర్ల స్తంభాలకు అందమైన బొమ్మలు వేయిస్తున్నారు. బోనమెత్తుకున్న స్త్రీ, నాట్యం చేసే స్త్రీ, ఆకాశంలోకి చూసే చదువుకున్న అమ్మాయి. రంగులు బాగున్నాయి, నేను కాదనను. కానీ ఆ స్తంభాల కింద పడుకునే స్త్రీలను బొమ్మలు వేసేముందు ఖాళీ చేయిస్తే, ఆ గోడ ఎవరి కోసం అందంగా ఉన్నట్టు?

పై నుంచి చూసి తప్పుపట్టడం తేలిక. మన స్వచ్ఛంద సంస్థల గోడలు ఎలా ఉన్నాయి? కొన్నేళ్ళ క్రితం పల్నాడు పల్లెల్లో గృహహింస మీద ఒక అధ్యయనం కోసం తిరుగుతున్నప్పుడు, పంచాయితీ గోడ మీద నీలంరంగులో చక్కటి నినాదం కనిపించింది. పుస్తకభాష, కింద సంస్థ పేరు, నిధులిచ్చినవాళ్ళ గుర్తు. పక్కనే పత్తికూలికి వెళ్ళొచ్చి కూర్చున్న ఒకావిడని ఆ రాత గురించి అడిగాను. ‘‘అయ్యి మా కోసం రాసినయ్యి కాదులే అమ్మా. మీబోటోళ్ళు కార్లో వచ్చినప్పుడు చదువుకోటానికి’’ అంది. మరి నువ్వయితే ఏం రాస్తావని అడిగితే కాసేపు ఊరుకుని, ‘‘నేనా? నిన్న రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందో రాస్తా. రాస్తే మాత్రం ఇయ్యాల రాత్రి నువ్వుంటావా నాకు తోడు?’’ అంది. లా పాజ్ స్త్రీలు మన మీద విసిరే విమర్శకు ఇంతకన్నా సూటి అనువాదం ఉండదు. నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి నేను గుంటూరు బస్సెక్కాను.

ఆవిడ మాటలో రెండు సంగతులున్నాయి. ఒకటి, మన గోడ మీది మాట ఎవరిదన్నది. రెండు, రాసిన తర్వాత ఏమవుతుందన్నది. గోడ మీద రాయండక్కా అని చెప్పడం తేలికే, కానీ రాసిన చేతికి రక్షణ లేకపోతే అది ఆమెని బలిపెట్టడమే.

పేర్ల విషయం కూడా తేల్చుకోవాలి. మా క్లాసు అమ్మాయి జీవితాన్ని ఒక గోడరాత మార్చేసిందని మొదట్లో చెప్పాను. మరి హింసించినవాడి పేరు గోడమీద రాయడం దానికెలా భిన్నం? నా అభిప్రాయం ఇది. చనిపోయిన స్త్రీ పేరు, ఆమె ఎలా చనిపోయింది, ఏ పోలీసుస్టేషన్ కేసు కట్టడానికి నిరాకరించింది, ఇవి ఊరికి తెలియాల్సిన సంగతులు. ఆమె కుటుంబం ఒప్పుకుంటే గోడెక్కాల్సినవే. జవాబు చెప్పాల్సిన అధికారం మీదికి ఎక్కుపెట్టిన రాతకీ, తిరిగి జవాబు చెప్పుకోలేని ఆడపిల్ల మీదికి విసిరిన రాతకీ ఎంతో తేడా ఉంది. కానీ విచారణ జరగని నిందను సంస్థగా మనం గోడకెక్కించకూడదు. గోడ ఊరిని కదిలించగలదు గానీ న్యాయస్థానం కాలేదు. ఇందులో నాతో విభేదించే మిత్రులున్నారు. చట్టం తలుపులు మూసుకున్నప్పుడు ఆ జాగ్రత్తంతా మగవాడికే కదా మేలు చేస్తుందని వాళ్ళంటారు. ఆ మాటను కొట్టిపారేయలేను. దీన్ని మనం చర్చించాలి.

మరో ప్రశ్న. మనం రాసింది తెల్లారి కడిగేది ఎవరు? మున్సిపాలిటీలో ఊడ్చే, కడిగే పనుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలే. చాలామందికి ఉద్యోగ భద్రత కూడా లేదు. మన విముక్తి వాక్యం వాళ్ళకు అదనపు చాకిరీ అయితే అది ఏ విముక్తి? ఎవరి గోడ మీద రాస్తున్నామో కూడా చూడాలి. ధనవంతుల ప్రహరీగోడ వదిలేసి, అప్పు చేసి సున్నం వేసుకున్న బస్తీ ఇంటిగోడ మీద అడగకుండా రాయడం కూడా ఆధిపత్యమే.

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలేమీ కాదు. ఈసారి మార్చి 8కి, నవంబరు 25కి గోడరాతలకు బడ్జెట్ పెట్టేటప్పుడు వాక్యాలు ఆఫీసులో తయారు చేయకండి. సంఘం మీటింగులో స్త్రీలను అడగండి, వాళ్ళ మాటల్లోనే, వాళ్ళ యాసలోనే రాయనివ్వండి, వీలైతే వాళ్ళ చేతుల్తోనే. సంస్థ పేరు చిన్నగా వేసుకుందాం, అసలు వేసుకోకపోయినా నష్టం లేదు. రాసినవాళ్ళకు తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా నిలబడే లాయరు, తలదాచుకునే చోటు ముందే సిద్ధం చేసుకుందాం. మన ఊళ్ళలో స్త్రీలు రాసిన, గీసిన ప్రతిదాన్నీ చెరిగిపోయే ముందు ఫోటో తీసి, తేదీ వేసి దాచుకుందాం. మెక్సికో పునరుద్ధారకుల నుంచి నేర్చుకోవాల్సింది ఇదే. ఆ తారు పూసిన పోస్టర్ల ఫోటోలు మనలో ఎంతమంది దగ్గరున్నాయి? మన చరిత్రకు మనమే సున్నం కొట్టుకోవడం ఇకనైనా ఆపాలి.

మా కాలేజీ గోడ ఇప్పుడు లేదు. అక్కడ కొత్త భవనం కట్టారు. ఆ అమ్మాయి ఎక్కడుందో నాకు తెలుసు, ఆమె పేరు మాత్రం ఇక్కడ రాయను. ఒకసారి చాలు. ఆ రోజు మేం నలభైమంది ఆడపిల్లలం ఆ గోడ ముందు తలలు దించుకుని నడిచిపోయాం. సున్నం ఆరకముందే ఒక్కరైనా బొగ్గుముక్క తీసుకుని ‘రాసినవాడెవడు?’ అని దాని కిందే రాసి ఉంటే ఆమె చదువు ఆగకపోయేదని నేను చెప్పలేను. కానీ తల దించుకోవాల్సింది తను కాదని ఆమెకు తెలిసేది.